నల్ల ఆవాలు: ఘాటు ఎప్పుడు పుడుతుంది, ఎక్కడ పోతుంది

అమ్మా, మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. ఈ వేసవిలో తిరుపతి అంగట్లో చిన్న నల్ల ఆవాలు కొని, కమ్మటి వాసన వచ్చేదాకా మూకుడులో వేయించి, మిక్సీలో పొడి కొట్టి ఆవకాయ పెట్టారు. నెల తిరిగేసరికి ముక్కుకెక్కవలసిన ఘాటు రాకపోగా నాలుక వెనుక చేదు మిగిలింది. అంగడివారు ఇచ్చినవి అసలైన నల్ల ఆవాలు కావేమోనని మీకు అనుమానం కలిగింది. అసలైనవాటిని ఎలా గుర్తుపట్టాలి, వాటిని తిరుపతిలో మిద్దె మీదనో పలమనేరు దగ్గర మీ పుట్టింటివారి చేనిలోనో పండించుకోవచ్చునా అని అడిగారు. ముప్పై ఏళ్లకు పైగా ఈ ప్రాంతంలో నూనెగింజల పంటల మధ్యనే నా ఉద్యోగం గడిచింది. ఆవాలంటే నాకు ప్రత్యేకమైన అభిమానం కూడా ఉంది. కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ముందుగా సూటిగా జవాబు చెబుతాను. మీ డబ్బాలో ఉన్నవి వృక్షశాస్త్రం ప్రకారం నల్ల ఆవాలు కాకపోవచ్చునన్న మీ అనుమానం బహుశా నిజమే, ఎందుకంటే మన దేశంలో నల్ల ఆవాలని అమ్మేవాటిలో చాలా భాగం వేరే జాతికి చెందినవి. అయితే మీ ఆవకాయ చప్పబడడానికి ఆ జాతిభేదాన్ని తప్పు పట్టనక్కరలేదు. వేయించిన మూకుడులోనే దాని ఘాటు పోయింది. చేదు కూడా చాలావరకు అక్కడినుంచే వచ్చింది.

ఇది నమ్మకం కలగాలంటే ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. వేయించని ఆవాలు ఒక చెంచాడు అరచేతిలో పోసుకుని వాసన చూడండి, ఏమీ ఉండదు. వాటిని పొడిగా రాతిమీద నూరండి, కొంచెం నూనెగింజ వాసన మాత్రమే వస్తుంది. ఇప్పుడు ఆ పిండి మీద చల్లని నీళ్లు నాలుగు చుక్కలు చిలకరించి, మరికాస్త నూరి, గిన్నెలోకి తీసి మూత పెట్టండి. పది నిమిషాల తర్వాత మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే కళ్లు చెమ్మగిల్లుతాయి. అంతకుముందు లేని ఘాటు ఎక్కడినుంచి వచ్చింది? అది అప్పటికప్పుడు తయారయింది.

ఆవగింజలో సినిగ్రిన్ అనే పదార్థం ఉంటుంది. ఇది గంధకం ఉన్న గ్లూకోసినోలేట్ల కుటుంబానికి చెందినది. ఒక్కో సినిగ్రిన్ అణువులో రెండేసి గంధకం పరమాణువులు ఉంటాయి. దానికి సొంతంగా ఘాటు లేదు, రుచి చేదు. అదే గింజలో, వేరే కణాల్లో, మైరోసినేజ్ అనే ఎంజైమ్ విడిగా ఉంటుంది. గింజ పగలనంతకాలం ఈ రెండూ కలవవు. గింజ నలిగి, తడి తగిలినప్పుడు ఎంజైమ్ సినిగ్రిన్‌ను విరగ్గొడుతుంది. అందులోని చక్కెర భాగం విడిపోయి, మిగిలిన దానినుంచి అల్లైల్ ఐసోథయోసయనేట్ పుడుతుంది. మనం ఆవ ఘాటు అనేది దీనినే. నల్ల ఆవాలనుంచి వచ్చే ఈ ఘాటు తైలం గింజ బరువులో సుమారు ఒక శాతమే అయినా, గదిలో ఒక మూల నూరితే ఇంకో మూల ఉన్నవారికి తెలుస్తుంది. మొక్క దీనిని మన ఊరగాయల కోసం తయారుచేసుకోలేదు. తనను కొరికే పురుగు నోట్లో ఈ రెండూ కలిసి మండేలా అమర్చుకున్న రక్షణ ఇది.

మిరపకారానికీ ఆవ ఘాటుకూ తేడా కూడా ఇక్కడే ఉంది. మిరపలోని కాప్సైసిన్ ఆవిరి కాదు కాబట్టి తగిలిన చోటే, నాలుక మీదనే, చాలాసేపు మండుతుంది. అల్లైల్ ఐసోథయోసయనేట్ గాలిలోకి తేలికగా లేచే పదార్థం కనుక నోట్లోంచి ముక్కులోకి ఎక్కి, ఒక్క క్షణం ఊపిరి బిగపట్టించి, వచ్చినంత వేగంగా పోతుంది. మన నరాల మీద కారాన్ని పట్టుకునే గ్రాహకం ఒకటి, ఆవ ఘాటును పట్టుకునేది మరొకటి. కారం గ్రాహకాన్ని కనుగొన్న డేవిడ్ జూలియస్‌కు 2021లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి పంచి ఇచ్చారు. జపాన్‌వారు చేపలతో తినే వసాబిలో ముక్కుకెక్కేది కూడా మన ఆవాలలోని పదార్థమే.

ఇప్పుడు మీ మూకుడు దగ్గరికి వద్దాం. మైరోసినేజ్ ఒక మాంసకృత్తు, గుడ్డులోని తెల్లసొన లాగే వేడికి గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది. తడిగా ఉన్నప్పుడు సుమారు 70, 80 డిగ్రీల వేడి కొద్ది నిమిషాలు తగిలినా చాలు. పొడిగింజలో అంతకంటె ఎక్కువ వేడిని ఓర్చుకుంటుంది గాని, కమ్మటి వాసన వచ్చేదాకా, గింజలు చిటపటమనేదాకా వేయిస్తే మిగలదు. ఎంజైమ్ పోయిన తర్వాత ఆ పిండిని ఎంత మామిడి రసంలో నానబెట్టినా సినిగ్రిన్ విరగదు. విరగని సినిగ్రిన్ చేదుగానే ఉండిపోతుంది. కాబట్టి ఘాటు రాకపోవడమూ చేదు మిగలడమూ మీరు రెండు లోపాలుగా రాశారు గాని, అవి ఒకే తప్పుకు రెండు ముఖాలు. మీరు మెంతులు కూడా వేయించి ఉంటే, అవి కాస్త మాడినా ఈ చేదుకు తోడవుతాయి.

వేయించడం మన చిత్తూరు వైపు తప్పు కాదని కూడా చెప్పాలి. పచ్చిమామిడి తొక్కులోనో, ఉసిరికాయ ఊరగాయలోనో వేయించిన ఆవాలూ మెంతులూ కలిపిన పొడి వేస్తాము. అక్కడ కోరేది కమ్మదనం, ఘాటు కాదు. కోస్తా వారి ఆవకాయ వేరే సూత్రం మీద నడుస్తుంది. అందులో ఆవపిండి పచ్చిది, కారంతోనూ ఉప్పుతోనూ దాదాపు సమానంగా పడుతుంది, పొయ్యి మొహం చూడదు. మీరు కోస్తా ఆవకాయ కొలతలకు మన తొక్కు పద్ధతిని జోడించారు. రెండూ మంచి పద్ధతులే అయినా ఒకదానిలో ఒకటి ఇమడవు.

మా అమ్మ పెరుగుపచ్చడికి ఆవ నూరే తీరు నాకు ఇప్పటికీ కళ్లముందు ఉంది. సన్నికల్లు మీద గుప్పెడు ఆవాలు పోసి, ఒక ఎండుమిరపకాయ, చిటికెడు పసుపు, రెండు ఉప్పురాళ్లు వేసి, కుండలోని చల్లనీళ్లు వేళ్లతో చిలకరిస్తూ నూరేది. ముద్ద పసుపుపచ్చగా మారి, పొత్రానికి అంటుకుని సాగేటప్పుడు దానిని చిన్న గిన్నెలోకి తీసి, మూత పెట్టి, మూత మీద తడిగుడ్డ కప్పి, దోసకాయ తరగడానికి కూర్చునేది. మేము ఆకలికి తొందరపెడితే, ‘ఇంకా చేదు విరగలేదు’ అనేది. నేను కళాశాలలో ఎంజైముల పాఠం విన్న రోజున ఆ మాట గుర్తుకు వచ్చింది. చల్లని నీళ్లు ఎంజైమును బతికిస్తాయి, మూత ఘాటును బయటికి పోనివ్వదు, పది పదిహేను నిమిషాల వ్యవధి సినిగ్రిన్ విరగడానికి సరిపోతుంది. ఆవిడ మాట అక్షరాలా శాస్త్రమే.

పెరుగుపచ్చడి ఆ పూటకు చేసుకునేది కనుక ఆ ముద్ద సాయంత్రానికి నీరసపడినా నష్టం లేదు. ఏడాదిపాటు ఉండవలసిన ఆవకాయలో ఈ రసాయనం మరోలా నడుస్తుంది. మామిడి ముక్క ఉప్పుకు ఊరి రసం విడిచేకొద్దీ ఆ తడి పచ్చి ఆవపిండిని మెల్లగా మేలుకొలుపుతుంది. పులుపూ ఉప్పూ ఎంజైమును నెమ్మదింపజేస్తాయి గాని, పుట్టిన ఘాటు త్వరగా చెడకుండా ఆ పులుపే కాపాడుతుంది. విటమిన్ సి కొద్ది మోతాదులో ఈ ఎంజైమును చురుకుపరుస్తుందని తెలుసు, పచ్చిమామిడిలో అది ఉంది. పైన నిలిచే నూనెలో ఘాటు కరిగి ఉంటుంది, గాలిలోకి పోవడానికి దారి తక్కువ. అందుకే మూడోనాడు జాడీ మూత తీసి తిరగకలిపేటప్పుడు వచ్చే ఘాటు, కలిపిన రోజున ఉండదు. బూజుకూ ఈస్టుకూ ఈ ఘాటు పడదు కాబట్టి, ఉప్పుకు తోడుగా ఊరగాయ నిలవ ఉండడానికి కూడా అది ఉపయోగపడుతుంది.

పిండి విషయంలో నేను పాటించే పద్ధతి ఇది. ఆవాలను ఏరి, కడగకుండా, ఒక పూట మంచి ఎండలో పలుచగా ఆరబోస్తాను. తిరుపతి ఎండ ఎంత తీవ్రమైనా పొడిగింజలోని ఎంజైముకు హాని చేయదు, గింజలోని చెమ్మ తీసి పొట్టును పెళుసుగా చేస్తుంది, అప్పుడు పొడి మెత్తగా వస్తుంది. గింజలు పూర్తిగా చల్లారిన తర్వాత మిక్సీలో కొద్దికొద్దిగా వేసి, జాడీ వేడెక్కకుండా ఆపి ఆపి తిప్పి, జల్లెడ పట్టి, ఆ రోజునే ఊరగాయలో కలిపేస్తాను. నెలలకొద్దీ పొడిగా నిలవ ఉంచిన ఆవపిండి గాలిలోని చెమ్మకే కొంచెం కొంచెంగా పని మొదలుపెట్టి, పుట్టిన ఘాటును పుట్టినట్టే పోగొట్టుకుంటుంది. గింజగా ఉంచితే ఏళ్ల తరబడి పాడుకాదు. అంగట్లో పొట్లం కట్టిన ఆవపిండి కొనవద్దని నేను చెప్పడానికి ఇదే కారణం.

ఈ ఏడాది పెట్టిన జాడీని పారబోయకండి. జాడీలోకి నేరుగా ఏమీ కలపకుండా, వారానికి సరిపడా ఊరగాయను చిన్న గిన్నెలోకి తీసుకోండి. ఒక చెంచాడు పచ్చి ఆవపిండిని కాచి చల్లార్చిన నీళ్లతో ముద్దగా తడిపి, పది నిమిషాలు మూతపెట్టి, ఆ గిన్నెలో కలపండి. ఇలా చేస్తే ఘాటు వస్తుంది, చేదు కూడా కొంత మరుగునపడుతుంది. తడి తగిలింది కాబట్టి ఆ గిన్నెను వారంలోపల ముగించాలి.

తిరగవాత సంగతి ఒక్క మాటలో చెప్పి ముందుకు వెళతాను. కాగిన నూనెలో ఆవగింజ లోపలి చెమ్మ ఆవిరై పొట్టును పగలగొడుతుంది, అదే చిటపట. అక్కడ ఎంజైమ్ పనిచేయడానికి వ్యవధి లేదు, కాబట్టి తిరగవాతలోని ఆవాలకు ఘాటు ఉండదు, కమ్మదనం ఉంటుంది. చిట్లకముందే మిగతా దినుసులు వేసి నూనెను చల్లబరిస్తే గింజ చేదుగా పంటికింద పడుతుంది. అందుకే ఆవాలు ముందు, మినపప్పు తర్వాత.

ఇక జాతి విషయం. మీరు ‘అసలైన నల్ల ఆవాలు’ అన్నది బ్రాసికా నైగ్రా అనే మొక్క గింజ. సినిగ్రిన్ అన్న పేరు కూడా ఈ మొక్క పాత శాస్త్రీయనామమైన సినాపిస్ నైగ్రా నుంచి వచ్చినదే. మన అంగళ్లలోని నల్లనివీ గోధుమరంగువీ అయిన ఆవాలు చాలావరకు బ్రాసికా జన్సియా, ఉత్తరాదిన రాయి అని పిలిచే మొక్క. ఈ రెండింటికీ బంధుత్వం ఉంది. కొరియా మూలాలున్న జపాన్ శాస్త్రవేత్త యు నాగహారు 1935లో చూపించినదాని ప్రకారం, 8 జతల క్రోమోజోములున్న నల్ల ఆవ మొక్కా, 10 జతలున్న బ్రాసికా రాపా (మన తోరియా, పసుపు సర్సో ఈ జాతివే) ఒకప్పుడు సంకరమై, 18 జతలతో జన్సియా పుట్టింది. అంటే మీ డబ్బాలోని గింజకు నల్ల ఆవాలు ఒక తల్లో తండ్రో అవుతాయి. ఘాటు ఆ వైపునుంచి వచ్చిన ఆస్తి.

ఐరోపాలో ఆవముద్ద తయారుచేసేవారు శతాబ్దాలపాటు బ్రాసికా నైగ్రానే వాడారు. ఆ మొక్క మనిషికంటె ఎత్తు పెరుగుతుంది, కాయలు పండగానే పగిలి గింజలు నేలపాలవుతాయి, యంత్రంతో కోయడానికి లొంగదు. అందువల్ల 1950ల నుంచి వారు కూడా జన్సియాకు మారిపోయారు. కాలిఫోర్నియా కొండల మీద మాత్రం అదే మొక్క కలుపై కిలోమీటర్ల కొద్దీ పచ్చగా పూసి, వేసవిలో ఎండి మంటలకు మేతవుతోంది. మన దేశంలో దీనిని బనారసి రాయి అనే పేరుతో కొద్దిచోట్ల పండిస్తారు.

గింజను చూసి ఈ రెండింటినీ తేల్చడం కష్టమని నిజాయితీగా ఒప్పుకుంటాను. నల్ల ఆవగింజ సుమారు ఒక మిల్లీమీటరే ఉంటుంది, ముదురు రంగులో ఉంటుంది. కాని దక్షిణాదిన అమ్మే చిట్టి ఆవాలలో జన్సియా కూడా అంత చిన్నదిగా, అంత నల్లగా దొరుకుతుంది. మొక్కను చూస్తే సందేహం ఉండదు. పది గింజలు తొట్టిలో వేసి కాయ పట్టేదాకా ఆగండి. నల్ల ఆవ మొక్క కాయలు సెంటీమీటరు నుంచి రెండు సెంటీమీటర్లే ఉండి, తల్లి నడుము పట్టుకున్న పిల్లల్లా రెమ్మకు అంటుకుని నిటారుగా నిలుస్తాయి, కొసన ముక్కు చాలా పొట్టి. జన్సియా కాయలు మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల పొడవుండి, రెమ్మకు దూరంగా చాపుకుని, సన్నని పొడుగు ముక్కుతో ఉంటాయి. పై ఆకులు కాండాన్ని చుట్టి పట్టుకుంటే అది ఈ రెండూ కాదు, రాపా. పూలు మాత్రం అన్నిటికీ ఒకటే తీరు, నాలుగు పసుపు రేకులు శిలువ ఆకారంలో, నాలుగు పొడుగు కేసరాలూ రెండు పొట్టి కేసరాలూ.

రుచిలో తేడా ఉంటుందా అంటే కొంత ఉంటుంది. నల్ల ఆవాలలో సినిగ్రినే ప్రధానం. మన దేశపు జన్సియా రకాల్లో సినిగ్రిన్‌తో పాటు గ్లూకోనాపిన్ అనే దాని దగ్గరి చుట్టం ఎక్కువగా ఉంటుంది, దానినుంచి పుట్టే ఘాటు అంత పదునుగా ముక్కుకెక్కదు. తూర్పు ఐరోపా, చైనా జన్సియాలలో మళ్లీ సినిగ్రినే ఎక్కువ. తెల్ల ఆవాలు అసలు వేరే తెగ. వాటి ఘాటు ఆవిరి కాదు, నాలుక మీదనే ఉండిపోతుంది కాబట్టి ఆవకాయకు నేను సలహా ఇవ్వను. ఈమధ్య నూనె కోసం రూపొందించిన ‘డబుల్ జీరో’ రకాలు కూడా ఉన్నాయి. వాటి నూనెలో ఎరూసిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం 2 శాతం లోపు, నూనె తీసిన పిండిలో గ్లూకోసినోలేట్లు గ్రాముకు 30 మైక్రోమోల్‌ల లోపు ఉండాలన్నది నియమం. పశువుల దాణాకు అవి ఎంతో మేలు, పచ్చళ్లకు మాత్రం పనికిరావు.

ఏ జాతివి కొన్నా ఒక జాగ్రత్త తప్పనిసరి. మన తిరుపతి చుట్టూ రోడ్ల పక్కన, బీడుల్లో పెరిగే బలురక్కసి చెట్టును మీరు చూసే ఉంటారు. ముళ్ల ఆకులు, లేత పసుపు పూలు, విరిస్తే పసుపుపచ్చని పాలు. కొందరు బ్రహ్మదండి అంటారు. దాని గింజలు చూపుకు ఆవాలలాగే ఉంటాయి, విషం. 1998లో ఢిల్లీలో ఈ గింజల నూనె కలిసిన ఆవనూనె తిని కాళ్లు వాచి, గుండె దెబ్బతిని అరవైమందికి పైగా చనిపోయారు. గింజను వేళ్లతో రుద్ది చూడండి: ఆవగింజ నున్నగా జారుతుంది, బలురక్కసి గింజ గరుకుగా ఉంటుంది. నలిపితే ఆవగింజ లోపల పసుపుపచ్చగా, బలురక్కసి లోపల తెల్లగా కనిపిస్తుంది. విడి ఆవాలు కొన్న ప్రతిసారీ చాటలో పోసి చూడడం నాకు అలవాటు. కొన్నేళ్ల క్రితం నేనే ఒకచోట తెచ్చిన కిలోలో ఇలాంటి గరుకు గింజలు ఏడెనిమిది దొరికాయి, మొత్తం గుంట తీసి పూడ్చిపెట్టాను. ఆవగింజలో అరవయ్యో వంతు అనుమానం ఉన్నా పిల్లలు తినే ఇంట్లో అవి ఉండకూడదు.

పండించే విషయానికి వస్తే, ఆవ మొక్క చలికాలపు పంట. పూత దశలో పగటి ఎండ 30 డిగ్రీలు దాటి నిలిస్తే పూలు రాలి, కాయలు సగం తాలు పోతాయి. అందుకే పంటగా ఇది రాజస్థాన్, హర్యానా చలిలో వర్ధిల్లింది, దానిమీదనే పనిచేసే జాతీయ పరిశోధన సంస్థ కూడా రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో ఉంది. మన పడమటి మండలాలకు, అంటే పలమనేరు, కుప్పం, వి.కోట వైపుకు, ఒక అనుకూలత ఉంది. ఆ నేల సముద్రమట్టానికి 600 మీటర్లకు పైన ఉంది, తిరుపతికంటె చలి ఎక్కువ. రాగి చేలో అనప సాళ్ల మధ్య నాలుగు ఆవాలు చల్లుకోవడం ఆ ప్రాంతపు పాత అలవాటు. ఇంటి పోపులపెట్టెకు అవే సరిపోయేవి. మీ పుట్టింటివారిని అడిగి చూడండి, పెద్దవారికి గుర్తుండే ఉంటుంది.

అక్కడ చేనిలో వేయదలిస్తే అక్టోబరు రెండో పక్షం నుంచి నవంబరు మొదటి వారం లోపల విత్తాలి. ఎకరాకు 2 కిలోల విత్తనం సరిపోతుంది. ఇసుకతో కలిపి, సాలుకు సాలుకు మధ్య 30 నుంచి 45 సెంటీమీటర్లు ఉండేలా, రెండు మూడు సెంటీమీటర్ల లోతున వేసి, మొలిచాక 10 నుంచి 15 సెంటీమీటర్లకు ఒక మొక్క ఉంచి మిగిలినవి పీకాలి. పీకిన లేత మొక్కలు మంచి ఆకుకూర. నీరు నిలిచే చోట వేయకూడదు. పూతకు ఒక తడి, కాయ నిండేటప్పుడు ఒక తడి దొరికితే చాలు. ఈ పంటకు గంధకం ప్రాణం, నూనెకూ కావాలి, ఘాటుకూ కావాలి. వేరుశనగకు ఊడలు దిగే వేళ ఎకరాకు 200 కిలోల జిప్సం వేయడం మన రైతులకు ఎటూ అలవాటే. అలాంటి చేనిలో వేరుశనగ తీసిన వెంటనే ఆవాలు వేస్తే, నేలలో మిగిలిన గంధకం వీటికి అందుతుంది. ఈ వరుసను నేను చాలామందికి చెప్పాను, పాటించినవారు సంతోషపడ్డారు.

ఆలస్యం మాత్రం చేయవద్దు. నేను మొదటిసారి సొంత నేలలో వేసినప్పుడు వేరే పనుల్లో పడి డిసెంబరు చివర విత్తాను. ఫిబ్రవరిలో పూత నిండుగా వచ్చింది. వారం తర్వాత వెళ్లేసరికి ప్రతి పూగుత్తి మీదా బూడిద పచ్చని పేనుబంక, గోటితో గీకితే పొరగా లేచేంత మందంగా పట్టి ఉంది. కింది ఆకులు తేనెబంకతో జిగటగా మెరుస్తున్నాయి. ఆ ఏడాది కాయలు పట్టుకుంటే ఉత్త తొక్కలే. పురుగులను తరిమే ఘాటు ఉన్న మొక్కకు ఈ గతి ఏమిటని అప్పుడు బాధపడ్డాను. ఆవాల పేనుబంక ఆ ఆయుధాన్ని లొంగదీసుకున్న పురుగు. మొక్కలోని గ్లూకోసినోలేట్లను తాగి తన ఒంట్లో దాచుకుంటుంది, తనకూ సొంత మైరోసినేజ్ ఉంది, తనను తినవచ్చిన శత్రువు మీద అదే ఘాటును వదులుతుంది. సకాలంలో విత్తిన పంట పేనుబంక ఉధృతి పెరిగేలోపల కాయ పట్టేస్తుంది. మొదట కనిపించిన కొమ్మలను తుంచి నాశనం చేయడం, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను కాస్త సబ్బునీటితో కలిపి సాయంత్రం కొట్టడం ఇంటి పంటకు సరిపోతాయి. ఉదయం వేళ కొట్టకండి, అప్పుడు తేనెటీగలు పూల మీద ఉంటాయి.

మీ పుట్టింటివారు క్యాబేజీ కూడా వేస్తారని రాశారు కనుక ఇంకొకటి చెప్పాలి. క్యాబేజీని తూట్లు పొడిచే డైమండు రెక్కల పురుగు, గుడ్లు పెట్టడానికి ఈ ఆవ రసాయనాన్నే గుర్తుగా వెతుక్కుంటుంది, ఆవ మొక్కంటే క్యాబేజీ కంటె ఎక్కువ మోజు. అందుకే ప్రతి 25 వరుసల క్యాబేజీకి రెండు వరుసల ఆవాలు ఎర పంటగా వేయమని సిఫారసు ఉంది. ఒక వరుస క్యాబేజీ నాటడానికి 15 రోజుల ముందు, రెండోది నాటిన 25 రోజులకు విత్తాలి, అప్పుడు పైరు పొడుగునా లేత ఆవ ఆకు పురుగుకు అందుబాటులో ఉంటుంది. మందు ఆ రెండు వరుసల మీద కొడితే చాలావరకు సరిపోతుంది. ఆ వరుసల గింజను మాత్రం వంటకు వాడకండి.

తిరుపతిలో మిద్దె మీద అయితే పెద్ద వానలు వెనుకబడ్డాక, నవంబరు నడిమికి వేయండి. అడుగు లోతున్న వెడల్పాటి తొట్టి, నీరు బాగా దిగే మట్టి, రోజంతా ఎండ కావాలి. మూడు నాలుగు రోజుల్లో మొలుస్తాయి, సుమారు నెలన్నరకు పూస్తాయి. జన్సియా చాలావరకు తన పుప్పొడితోనే గింజ కడుతుంది కాబట్టి ఒక్క మొక్క ఉన్నా కాయలు నిండుతాయి. అసలైన నల్ల ఆవ మొక్కకు మరో మొక్క పుప్పొడి కావాలి. తొట్టిలో ఒక్కటే ఉంచితే పూస్తుంది గాని సరిగా కాయదు, కనీసం ఐదారు మొక్కలు దగ్గరగా ఉండాలి, తేనెటీగలు రావాలి. మీ మొక్క ఒంటరిగా నిండుగా కాసిందంటే అది జన్సియా అనడానికి అదొక ఆనవాలు.

కాయల్లో ముప్పాతిక వంతు పసుపు తిరగగానే కోయండి, పూర్తిగా ఎండేదాకా ఆగితే నల్ల ఆవాలు తొట్టి చుట్టూ మిద్దె మీద రాలిపోతాయి. తెల్లవారుజామున మంచు తడి ఉండగా కోస్తే కాయ పగలదు. కొమ్మలను తలకిందులుగా పాత దుప్పటి మీద పరచి, నాలుగు రోజులు నీడలో ఆరనిచ్చి, చేత్తో నలిపి చెరిగితే గింజ వచ్చేస్తుంది. ఐదారు మొక్కలకు ఏడాది ఆవకాయకు సరిపడా గింజ రాదు, ఒకటి రెండు పెరుగుపచ్చళ్లకు వస్తుంది. కాయలు రెమ్మకు అంటుకుని ఉన్నాయో, చాపుకుని ఉన్నాయో ఫొటో తీసి ఇక్కడ పెడితే మీది ఏ జాతో నేను చూసి చెబుతాను.